గంధం రంగా, మీగడ రంగా

రంగుల కొట్టు అరుగు మీద కూర్చునే కుర్ర పెయింటర్లు నన్ను చూస్తే ఆపి అడుగుతుంటారు, మిషను లేని కాలంలో రంగులు ఎలా కలిపేవాళ్లమని. చేత్తో కలిపేవాళ్లం. అందులో చెప్పుకునేంత విద్య ఏమీ లేదు, నాలుగు చోట్ల చెడగొడితే ఐదో చోట వచ్చేస్తుంది. నేను మొదట సున్నం కుంచె పట్టింది ఉదయగిరిలో. ఆఖరున దించింది కూడా ఉదయగిరిలోనే. మధ్యలో డెబ్బైలు, ఎనభైలు గడిచిపోయాయి. ఎన్ని ఇళ్లు వేశాను, ఎంత సంపాదించాను అనేది రాయను, అది ఎవరికీ పనికిరాదు. కొట్టువాడు చెప్పనివి, మేస్త్రీలు చెప్పుకోవడానికి సిగ్గుపడేవి కొన్ని ఉన్నాయి. అవి రాస్తాను. నచ్చకపోతే పక్కన పడేయండి, నాకేం బాధ లేదు.

పని అంటే ఏమిటి

రంగులేయడం అంటే రంగు వేయడం కాదు. పాత సున్నం గోకడం, పగుళ్లలో లప్పం పెట్టడం, రుద్దడం, దులపడం. పనంతా అందులోనే అయిపోతుంది. రంగు వేయడం ఆఖరున జరిగే చిన్న ముచ్చట. ఇల్లు వేయించుకునే గిరాకీకి కనిపించేది ఆ ముచ్చటే కాబట్టి, ముందు చేసిన దాన్ని ఎవరూ మెచ్చుకోరు. మెచ్చుకోలు కావాలంటే హార్మోనియం నేర్చుకోండి.

మా పనికి పంచాంగం మూడు మతాలది. ఉదయగిరిలో ముస్లింల ఇళ్లకు రంజాను ముందు పని. దుత్తలూరు పక్క పల్లెల్లో హిందూ రైతుల ఇళ్లకు పంటలు ఇంటికొచ్చే ముందు పని. మా బాప్తిస్టు వాళ్ల ఇళ్లకు క్రిస్మస్ ముందు. మొదటి రెండూ ఎలాగో సర్దుకోవచ్చు. మావాళ్లతోనే చచ్చే చావు. మన నెల్లూరు జిల్లాలో వానలు పడేదే దీపావళి నుంచి క్రిస్మస్ దాకా. గోడలు నాని చెమ్మ పట్టి ఉన్నప్పుడే మావాళ్లకు సున్నం గుర్తొస్తుంది. వేసిన కోటు ఆరదు, ఆరని కోటు మీద ఇంకోటి వేయమంటారు. నేనూ ఆ సంఘంలో వాణ్ణే కనుక తిట్టే హక్కు నాకుంది.

ఇక రంగుల సంగతి. మొదట్లో జనం నీలం, ఆకుపచ్చ అడిగేవాళ్లు. తర్వాత ఉద్యోగస్థులు ఎక్కువై, "లైటుగా ఉండాల మేస్త్రీ" అనడం మొదలైంది. తెల్లగా వేస్తే ఆస్పత్రిలా ఉందంటారు. పసుపు వేస్తే పెళ్లిపందిరిలా ఉందంటారు. చివరికి మిగిలినవి రెండు. సున్నంలో కొద్దిగా పసుపుమట్టి కలిపితే మీగడ రంగు. అందులోనే చిటికెడు ఎర్ర కావిమట్టి పడితే గంధం రంగు. తరవాత డిస్టెంపర్ డబ్బాలు వచ్చి, అట్టల మీద ఏవేవో ఇంగ్లీషు పేర్లు వచ్చినా, మా దగ్గరికి వచ్చి జనం అడిగేది ఆ రెండే. రెంటికీ మధ్య తేడా చిటికెడు కావి. ఆ చిటికెడు కోసం మొగుడూ పెళ్లాలు మాటలు మానేయడం నేను కళ్లారా చూశాను.

ఖాదర్ మేస్త్రి

నాకు పని నేర్పింది ఉదయగిరి ఖాదర్ మేస్త్రి. సన్నగా, నిచ్చెన పక్కన నిలబడితే ఇంకో నిచ్చెనలా ఉండేవాడు. మంచివాడే గానీ నోట్లోంచి మంచిమాట రాదు. ఆయన దగ్గర ఉన్నంతకాలం "బాగుంది" అనే మాట నేను వినలేదు. "ఏందిరా యోహానూ, రంగు గోడకేస్తుండావా, నీ మొహానికేస్తుండావా?" అనేది ఆయన పొగడ్త.

ఆయన నాకు రెండు సూత్రాలు చెప్పాడు. మొదటిది, తడి రంగు చూసి మాటివ్వొద్దు. సున్నం రంగు తడిగా ఉన్నప్పుడు ముదురుగా ఉంటుంది, ఆరితే వెలిసినట్టు అవుతుంది. కాబట్టి గోడ మీద జానెడు జానెడు రెండు మచ్చలు వేసి, ఆరాక, గిరాకీని పిలిచి చూపించాలి. ఉదయగిరిలో కొండ పక్క వీధుల్లో పొద్దు తొందరగా వాలుతుంది. అక్కడ పొద్దున ఒకసారి, కొండ నీడ పడ్డాక ఒకసారి చూపించాలి.

రెండోది, మన ఇష్టం చెప్పొద్దు. గిరాకీ ఎంత బతిమాలినా సరే. ఎందుకంటే ఖాదర్ మేస్త్రి వయసులో ఉన్నప్పుడు ఒక బట్టల వ్యాపారికి తనే రంగు ఎంచి వేశాడట. ఆ ఏడే ఆ వ్యాపారం దెబ్బతింది. ఆ మనిషి బతికి ఉన్నన్నాళ్లూ బజార్లో ఖాదర్‌ను ఆపి, "నీ రంగు పడినాకే నాకు దరిద్రం పట్టుకునింది" అనేవాడట.

"రంగు చెప్పినోడు ఆ ఇంట్లో జరిగేదానికంతా జవాబు చెప్పాలరా. బిడ్డకి జరమొచ్చినా నీ రంగే, బర్రె వట్టిపోయినా నీ రంగే. వాళ్లు ఆడ ఉంటారు, మనం పోతాం. ఉండేది మీరు గదా, మీ ఇష్టం అను. అనేసి బీడీ ముట్టించుకో" అన్నాడు.

బీడీ నాకు అలవాటు కాలేదు. ఆ మాట మాత్రం అలవాటైంది. పనిలో ఆ మాట నన్ను చాలా గొడవల నుంచి కాపాడింది, అందులో అబద్ధం లేదు.

గిన్నెలో మీగడ

దుత్తలూరు పక్క పల్లెలో ఒక రెడ్డిగారి ఇంట్లో హాలు వేయాల్సి వచ్చింది. ఆయనకు గంధం కావాలి, ఆయన భార్యకు మీగడ. నేను మచ్చలు వేసి చూపించాను. ఆమె చూసి, "ఇది మీగడ రంగేంది?" అని లోపలికి పోయి గిన్నెలో మీగడ తెచ్చి నా చేతికిచ్చింది.

"ఇదిగో, ఇట్టా ఉండాల. ఇది బర్రె మీగడ. ఆవు మీగడ గాదు, చూసుకో."

బర్రె మీగడ తెల్లగా ఉంటుంది, ఆవు మీగడ పచ్చగా ఉంటుంది. ఆమె చెప్పింది న్యాయమే. నేను గిన్నె కిటికీలో పెట్టుకుని మట్టి తగ్గించి కలుపుతున్నాను. ఈలోపు రెడ్డిగారు ఊరుకుంటాడా. గంధపు చెక్క తెచ్చి, సాన మీద అరగదీసి, గోడకే పూశాడు. "గంధమంటే ఇదిరా. ఆ గిన్నె తీసి పిల్లికి పెట్టు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను నా మాట అన్నాను. "ఉండేది మీరు గదయ్యా, మీ ఇష్టం." దాంతో ఇద్దరూ మళ్లీ ఒకరి మీద ఒకరు పడ్డారు. మధ్యాహ్నానికి ఎండకు మీగడ పచ్చబడింది. "ఇప్పుడు ఆవు మీగడైపోయిందే" అని ఆయన నవ్వు. ఆమెకు కోపం వచ్చి గిన్నె లాక్కుపోయింది. చివరికి హాలు మీగడ, నడవా గంధం అని రాజీపడ్డారు. తర్వాత ఒకసారి అటు పోయి చూస్తే ఇద్దరూ వసారాలో, నేను ముట్టుకోని పాత నీలం గోడకు ఆనుకుని కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

నవ్వొచ్చే సంగతే ఇది. కానీ ఆ రోజు నాకు కుళ్లుగా ఉంది, దాచడం ఎందుకు. ఇది కాదు అది అని పోట్లాడడానికి ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉంది. నా ఇంట్లో లేదు. అప్పటికి మా ఆవిడ మరియమ్మ పోయి కొంతకాలమైంది. జ్వరం వచ్చింది, తగ్గిందనుకున్నాం, మళ్లీ వచ్చింది. పిల్లలు కలగలేదు.

రెండో బాన

ఒక తప్పు కూడా చెప్పాలి, పనికొస్తుంది. పని నేర్చుకునే రోజుల్లో, జలదంకిలో ఒక పెద్ద హాలుకు గంధం రంగు. నేను అంచనా తక్కువ వేసి ఒక బాన కలిపాను. మూడు గోడలకు సరిపోయింది, నాలుగోది సగంలో ఆగింది. రెండో బాన కలిపి, తడిగా ఉన్నప్పుడు పక్కపక్కన పెట్టి చూసి, ఒకటేనని వేసేశాను. ఆరాక గోడ మధ్యలో నిలువునా గీత. ఒక పక్క గంధం, ఒక పక్క ఇటుక.

ఖాదర్ మేస్త్రి తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నన్ను ఆ గోడకెదురుగా గోనె మీద కూర్చోబెట్టి, పొద్దు వాలేదాకా చూస్తూ ఉండమన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది. గదికి ఎంత కావాలో అంతా ఒకే బానలో కలపండి, మిగిలినా ఫర్వాలేదు. డబ్బా రంగులు వచ్చాక మీకు ఈ బాధ తప్పిందనుకోకండి, డబ్బా డబ్బాకూ తేడా ఉంటుంది.

ఖాళీ గదులు

ఇది ఎవరూ చెప్పరు. ఈ పనిలో ఒంటరితనం ఎక్కువ. తాపీ పనివాళ్లు పదిమంది కలిసి చేస్తారు, అరుచుకుంటారు, తమాషాలాడుకుంటారు. వడ్రంగి చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. రంగులవాడి దగ్గర ఎవరూ కూర్చోరు. బట్టలకు అంటుతుంది, దగ్గొస్తుంది.

మనం వస్తున్నామంటే గది ఖాళీ చేస్తారు. మంచం, పెట్టెలు, పటాలు, ఉయ్యాల అన్నీ బయటికి పోతాయి. మేకులు, మేకుల చుట్టూ పటాలున్న చోట తెల్లటి చదరాలు, అంతే మిగులుతుంది. దగ్గితే గది తిరిగి దగ్గుతుంది. మనం నిచ్చెన మడిచి వీధిలోకి వచ్చాక, వెనకాల మంచం లోపలికి పోతున్న చప్పుడు వినిపిస్తుంది. కొత్త పెళ్లికొడుకుల గదులు ఎన్నో వేశాను. ఒక్కదాన్లోనూ మనుషులుండగా కూర్చోలేదు.

కొన్ని ఇళ్లలో నాకు గ్లాసు వేరుగా ఉండేది, చూరులో దోపి. ఇంటి గోడలన్నీ ముట్టుకోవచ్చు, గ్లాసు ముట్టుకోకూడదు. మొదట్లో కడుపు మండేది. తర్వాత మండడం మానేసింది. మానేయడం మంచిదేమీ కాదు.

సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేసి గంజి కాచుకుని తాగి పడుకునేవాణ్ణి. నా గది గోడలు నేను ఆ ఇంట్లో చేరినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉండేవి. చూసేవాళ్లెవరు, ఎవరికోసం వేయాలి? పొద్దుటినుంచి రాత్రిదాకా నాతో ఎవరన్నా మాట్లాడారంటే అది రంగు గురించే. ఆదివారం ప్రార్థనప్పుడు గుళ్లో ఒకరిద్దరు "ఏం యోహానూ, బాగుండావా" అనేవాళ్లు. "బాగుండా" అనేవాణ్ణి. అదొక్కటే వారానికి సరిపోయే కబురు.

ఆత్మకూరు

ఆత్మకూరు దానయ్య మా సంఘంలో పెద్దమనిషి. పని మీద ఉదయగిరి వచ్చి నా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి సంగతి చెప్పేశాడు, ఆయనకు డొంకతిరుగుడు రాదు.

"మా అక్క కూతురు కరుణమ్మని ఆత్మకూరులో టీచరుగా చేస్తా ఉండాది. మొగుడు లారీ కింద పడి పోయినాడు, చాన్నాళ్లయింది. పిల్లల్లేరు. ముసలి తల్లి ఉండాది, చెవుడు. నువ్వూ ఒంటిగాడివే. ఆ బిడ్డ ముందు గదికి పండగలోపల రంగు వేయించాలంటా ఉండాది. నువ్వు పోయి వెయ్యి. వేస్తా వేస్తా ఇద్దరూ మాట్లాడుకోండి. ఆ బిడ్డకీ చెప్పినా, సరేననింది. కుదిరితే పండగైనాక పాస్టరయ్యకి చెప్దాం. కుదరకపోతే గదికి రంగన్నా పడతాది."

నాకు ఇష్టమే. ఇష్టమే అంటే తక్కువ చెప్పినట్టు. ఆ రాత్రంతా నాకు నేనే తమాషాగా అనిపించాను, పెళ్లీడు కుర్రాడిలా దొర్లాను. కొత్త చొక్కా కుట్టించుకున్నాను. కుంచెలు గోనెలో చుట్టుకుని, నూనె రాసి తల దువ్వుకుని ఆత్మకూరు బస్సెక్కాను. కండక్టరు నా తల చూసి, గోనె చూసి, "పనికా, పెళ్లికా?" అన్నాడు. ఆత్మకూరు టికెట్టు ఇమ్మన్నాను.

అది రెండు గదుల పెంకుటిల్లు. ముందు గదికి ఒకటే కిటికీ, ఉత్తరం వైపు. వెలుతురు తక్కువ. సామాను అంతా తీసేశారు గానీ మధ్యలో ఒక బల్ల మాత్రం వదిలారు. "ఇది కూడా తీసేయాల టీచరమ్మా" అన్నాను.

"తీస్తే నువ్వేడ కూర్చుంటావు?" అంది కరుణమ్మ.

నా సర్వీసులో నేను కూర్చోవడానికి ఒకరు ఏదన్నా వదలడం అదే మొదలు. బల్ల అక్కడే వదిలి గోకుడు మొదలుపెట్టాను.

కళ్లజోడు పెట్టుకునేది, కొంగుకు ఎప్పుడూ సుద్ద అంటి ఉండేది. గట్టిగా మాట్లాడేది, తల్లి చెవుడు వల్ల వచ్చిన అలవాటు. బడి నుంచి రాగానే తల్లికి టీ ఇచ్చి, నాకొక గ్లాసు తెచ్చి, తనూ ఒక గ్లాసు పట్టుకుని ఆ బల్ల చివర కూర్చునేది. మూడు గ్లాసులూ ఒకలాంటివే. రంగు అంటుతుందని చెప్పాను. "అంటితే ఉతుక్కుంటాను" అంది.

కిటికీ పక్కన రెండు మచ్చలు వేశాను, ఎడమ గంధం, కుడి మీగడ. వేసిన రాత్రి నుంచే వాన పట్టింది. గోడలు చెమ్మగిల్లాయి, మచ్చలు ఆరవు. ఇంకో ఇంట్లో అయితే విసుక్కునేవాణ్ణి. ఇక్కడ మాత్రం ఆ వాన ఇంకో నాలుగు రోజులు పడితే బాగుండునని అనుకున్నాను. రాత్రి దానయ్య ఇంట్లో పడుకుని, పొద్దున్నే వచ్చి తలుపులకు లప్పం పెట్టేవాణ్ణి, పెట్టిన లప్పాన్నే మళ్లీ రుద్దేవాణ్ణి. సాయంత్రం కోసం చూసేవాణ్ణి.

మాట్లాడుకున్నాం. బడి సంగతులు చెప్పేది. మరియమ్మ గురించి అడిగింది, చెప్పాను. అంతకుముందు ఎవరికీ అంతగా చెప్పలేదు. తన భర్త గురించి చెప్పింది, మంచి మనిషి, నవ్వించేవాడట. "టీచరమ్మా అనొద్దు, పేరు పెట్టి పిలువు" అంది. సరేనన్నాను గానీ నోరు తిరగలేదు.

ఒకరోజు మచ్చల ముందు నిలబడి అడిగింది. "ఏది బాగుంటాది?"

"ఇంకా తడి టీచరమ్మా, ఇప్పుడు తెలీదు. ఉత్తరం కిటికీ గదా, గంధం కొంచెం మబ్బుగా ఉంటాది. బల్బు కింద అయితే గంధం బాగుంటాది. మీగడ పగలు బాగుంటాది. ఉండేది మీరు గదా, మీ ఇష్టం."

ఇంకోరోజు అన్నం పెట్టింది. నన్ను లోపల, తల్లి పక్కనే కూర్చోబెట్టి వడ్డించింది. తింటుండగా మళ్లీ అడిగింది. "నువ్వైతే ఏది వేస్తావు?" నాకు అన్నం గొంతులో ఉంది. ఆ సంతోషంలో ఆలోచన లేదు. "నాదేముండాది, ఉండేది మీరు" అన్నాను. ఆమె చారు పోసి లేచిపోయింది.

వాన వెలిసింది. ఎండ కాసి మచ్చలు ఆరాయి. ఆరోజు ఆదివారం, గుడి నుంచి వచ్చి తెల్ల చీరతోనే గదిలోకి వచ్చింది. చేత్తో చూపిస్తూ చెప్పింది. "ఈ పక్క మంచం వేసుకుంటాం. ఆ మూల నీ నిచ్చెన, కుంచెలు పెట్టుకోవచ్చు. అమ్మ లోపల గదిలో పడుకుంటాది. ఇప్పుడు ఆరినాయి గదా. చెప్పు, ఏది వేద్దాం?"

అంతకంటే విప్పి ఏ ఆడమనిషి చెబుతుంది? నాకు అర్థమైంది. అర్థమై కూడా నేనన్న మాట ఇది: "ఉండేది మీరు టీచరమ్మా. మీ ఇష్టం."

మర్యాదగా అన్నాననే అనుకున్నాను. ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది. "సరే, గంధం వెయ్యి" అంది.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లు ఇక్కడ ఒక మాట వినండి. ఖాదర్ మేస్త్రి చెప్పింది తప్పు కాదు. గిరాకీ దగ్గర ఇప్పటికీ అదే అనండి. కానీ పనిలో వాడే మాట పనిలోనే ఉంటుందనుకోకండి. పొద్దంతా అన్న మాట సాయంత్రం కుంచెతోపాటు కడిగేసుకుంటే పోదు. నాకు ఎవరూ ఇది చెప్పలేదు.

ఆ గది వేసినంత బాగా నేను ఏ గదీ వేయలేదు. మంచం వచ్చే చోట ప్రత్యేకంగా రుద్ది వేశాను. పాటలు పాడుకున్నాను కూడా. అన్నీ కుదిరిపోయాయనుకున్నాను. ఒక కోటు అయింది, అది ఆరేదాకా ఉదయగిరి పోయి వద్దామని బస్టాండుకు వచ్చాను. దానయ్య అక్కడే టీకొట్టులో ఉన్నాడు. నన్ను చూసి లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలేరా. అన్నీ మనమనుకున్నట్టు కుదరవు" అన్నాడు.

"ఏంది మామా?"

"అదే, కరుణమ్మ సంగతి. నీకు ఇష్టం లేదంట గదా."

"ఎవురు చెప్పినారు?"

"ఆ బిడ్డే ఇందాక చెప్పింది. 'ఆయనకి ఈడ ఉండే ఉద్దేశం లేదు మామా, అడిగినప్పుడల్లా ఉండేది మీరే అంటా ఉండాడు' అనింది. ఇంక పాస్టరయ్యకి చెప్పే పని లేదు."

గోనె అక్కడే బెంచీ మీద పడేసి వెనక్కి పరిగెత్తాను. ఆ వయసులో, ఆ బజార్లో, అందరూ చూస్తుండగా. మళ్లీ సన్నగా తుప్పర పడుతోంది.

ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది.

"అది ఊరికే అనే మాట" అన్నాను. "గిరాకీలకి అందరికీ అట్టనే అంటాం. అలవాటు. నాకు ఇష్టమే. నేను ఈడ ఉంటాను."

ఆమె కోప్పడలేదు. కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"అలవాటేనని నాకూ అనిపించింది మేస్త్రీ. అందుకే మళ్లా మళ్లా అడిగినా" అంది. "నేను చెప్పేది విను. బళ్లో ఎవుర్నడిగినా 'ఎస్ టీచర్' అంటారు. అమ్మకి వినపడదు, ఏమన్నా తలకాయ ఊపుతాది. మామ 'నీ ఇష్టం బిడ్డా' అంటాడు. మా ఆయన పోయినకాణ్ణించీ ఈ ఇంట్లో నన్ను కాదనే మనిషి లేడు. కూర ఏం చేసినా నా ఇష్టమే, పండగకి ఏం కొన్నా నా ఇష్టమే. నా ఇష్టంతో నాకు విసుగొచ్చేసింది. 'అది కాదు కరుణమ్మా, ఇది' అనే మనిషి ఒకరుంటే చాలనుకున్నా. ఇంకేం అడగలా నేను."

నా ఇంట్లో కూడా అంతేనని, నాకూ అదే కావాలని చెప్పాలనుకున్నాను. మాటలు కూడదీసుకుంటున్నాను.

ఆమె లేచి గది తలుపు తోసింది. తడి గంధం గోడలు, మధ్యలో ఆ బల్ల, కిటికీ పక్కన వదిలిన మీగడ మచ్చ కనిపిస్తున్నాయి. "ఇంకా ఒక కోటే గదా పడింది. రెండోది ఏదన్నా వేసుకోవచ్చు. మామకి నేను చెప్పుకుంటాను. ఇప్పుడు చెప్పు. నీకేది ఇష్టం?"

"ఉత్తరం కిటికీ గదా, వెలుతురు..."

"వెలుతురు సంగతి అడగలా. గదికి ఏది బాగుంటాదని అడగలా. నీకు. నువ్వు పనినించి వచ్చి ఈడ కూర్చుంటే, నీకు ఏ రంగు ఇష్టం?"

నేను గంధం చూశాను, మీగడ చూశాను. ఏ రంగు ఏ వెలుతురులో ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏది ఎన్నాళ్లకు వెలుస్తుందో తెలుసు. రెడ్డిగారికి ఏది ఇష్టమో, ఆయన భార్యకు ఏది ఇష్టమో తెలుసు. నాకు ఏది ఇష్టమో తెలియలేదు. లోపల వెతుక్కున్నాను, అక్కడ ఏమీ లేదు. ఏదో ఒకటి అనేసి ఉండొచ్చు కదా అని మీరనుకోవచ్చు. ఆమె టీచరు. గాల్లో చెప్పే జవాబు ఆమెకు తెలియదా? అయినా అనడానికి నోరు తెరిచాను. మాట రాలేదు.

ఆమె తొందర పెట్టలేదు. నా మొహమే చూస్తూ నిలబడింది, పాఠం రాని పిల్లవాడికి ఇంకో అవకాశం ఇస్తున్నట్టు. తర్వాత నెమ్మదిగా తలుపు దగ్గరికి వేసింది.

లోపల్నుంచి ముసలామె కేకేసింది. "ఎవురమ్మా వచ్చింది?"

తల్లికి వినపడాలి కాబట్టి కరుణమ్మ గట్టిగా చెప్పింది. "ఎవురూ లేదమ్మా. రంగుల మేస్త్రి. పోతా ఉండాడు."

నేను చెప్పులు వేసుకుని బస్టాండుకు నడిచాను.